ఇన్‌స్పెక్టర్‌నని వచ్చిన మనిషిని కార్డు అడగొచ్చా? అడిగి ఏం చూడాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. తాడిపత్రి దగ్గర మీ మామగారి గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ నువ్వు చూసుకుంటున్నావు. 14 మంది పనివాళ్లు. పోయిన గురువారం మధ్యాహ్నం తెల్ల కారులో ఇద్దరు వచ్చి "సేఫ్టీ ఇన్‌స్పెక్షన్" అన్నారు. రిజిస్టర్లు తిరగేశారు, మిషన్ల ఫోటోలు తీశారు. కార్డు చూపించమంటే "మమ్మల్నే అడుగుతావా" అని ఒకాయన అరిచాడు. కటింగ్ మిషన్ బెల్టుకు గార్డు (చెయ్యి పోకుండా అడ్డుపెట్టే మూత) లేదు, 18 వేలు కడితే కేసు ఉండదు అని చెప్పి, ఒక ఫోన్ నంబరు రాసిన కాగితం చేతిలో పెట్టి పోయారు. మామగారేమో "ఆఫీసర్లను ఎవరన్నా కార్డు అడుగుతారా" అని నీ మీదే కోప్పడ్డారు. నువ్వు చేసింది తప్పా, వాళ్లు నిజమైన అధికారులేనా, మళ్లీ వస్తే ఏం చేయాలి అన్నది నీ టెన్షన్.

నువ్వు చేసింది తప్పు కాదు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో 27 ఏళ్లు సేఫ్టీ విభాగంలో పనిచేశాను. ఎంతమంది ఇన్‌స్పెక్టర్ల వెంట తిరిగానో లెక్కలేదు. వాళ్లలో కార్డు అడిగినందుకు కేసు రాసినవాళ్లు ఒక్కరూ లేరు. పద్ధతిగా పనిచేసే అధికారి అడగకముందే చూపిస్తాడు.

ముందు ఆ అధికారం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకో. అది కార్డులో పుట్టదు, జీపులో పుట్టదు, గొంతులో అసలే పుట్టదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 8వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాజపత్రంలో, అంటే గెజెట్‌లో, నోటిఫికేషన్ ఇచ్చి ఇన్‌స్పెక్టర్లను నియమించేది. ఫలానా ప్రాంతం నీ పరిధి అని హద్దు కూడా గీసేది. ఆ పరిధిలోనే అతనికి 9వ సెక్షన్ కింద తనిఖీ చేసే అధికారాలు ఉండేవి. కార్డు చేసేదల్లా, గెజెట్ చెప్పిన ఆ మనిషి నీ ఎదురుగా నిలబడ్డ ఈ మనిషే అని చూపించడం. అందుకే కార్డు అడగడం అంటే ఆయన్ను అనుమానించడం కాదు. ఆయన చెప్పబోయే మాటకు చట్టం బలం ఉందని తెలుసుకోవడం. మామగారికి ఈ మాట మెల్లగా చెప్పు.

ఆ 8వ సెక్షన్‌లోనే మరో సంగతి ఉండేది, చాలామందికి తెలియదు. ఆ చట్టం ఉన్నన్నాళ్లు జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, తన జిల్లాకు చట్టరీత్యానే ఇన్‌స్పెక్టర్. కలెక్టర్ గారు స్వయంగా వచ్చి మిషన్ ఆపమంటే "మీరు ఫ్యాక్టరీల శాఖ కాదు కదా సార్" అనడానికి ఉండేది కాదు. ఇతర ప్రభుత్వ అధికారులను కూడా నోటిఫికేషన్ ద్వారా అదనపు ఇన్‌స్పెక్టర్లుగా నియమించే వీలు ఉండేది. ఫ్యాక్టరీలో గానీ, అందులో జరిగే వ్యాపారంలో గానీ, ఆ యంత్రాల మీద గానీ సొంత లాభం ఉన్నవాణ్ని ఇన్‌స్పెక్టర్‌గా పెట్టకూడదని కూడా అక్కడే రాసుండేది. గార్డు లేదని తప్పు పట్టి, ఆ గార్డు మా దగ్గరే కొనమని చెప్పేవాడు ఎవరైనా సరే, అక్కడే ఆగి ఆలోచించు.

ఇప్పుడు కొత్త కోడ్ గురించి. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం, మైన్స్ చట్టం రద్దయి అందులో కలిసిపోయాయి. నేను ఇక్కడ చెప్పే 8, 9, 95, 105, 118ఏ సెక్షన్లు ఆ పాత ఫ్యాక్టరీల చట్టంవి. కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరు "ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్". అయితే పాత చట్టం కింద జరిగిన నియామకాలు, నోటిఫికేషన్లు కోడ్‌కు విరుద్ధం కానంతవరకు చెల్లుతాయి. అందుకని కార్డు మీద "ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్" అని పాత పేరే ఉంటే అది దొంగ కార్డు అనుకోవద్దు. కరెంటుతో నడిచే చోట పాత చట్టంలో 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, కొత్త కోడ్‌లో 20 మంది ఉంటే ఫ్యాక్టరీ. "మాకు 14 మందే కదా, ఇక ఎవరూ రారు" అని మీ వీధిలో కొందరు అంటున్నారని రాశావు. ఆ మాట నమ్మొద్దు. 10 మంది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న పని స్థలం ఆ కోడ్ కిందికే వస్తుంది. ఫ్యాక్టరీ అనే పేరు పోయినంత మాత్రాన బెల్టుకు గార్డు పెట్టే బాధ్యత పోదు.

ఇక గేటు దగ్గర ఏం చూడాలి అన్నది.

మంచి అధికారి ఎలా వస్తాడో నా కళ్లతో చూసింది ఒకటి చెప్తాను. ఒక ఎండాకాలం, మధ్యాహ్నం రెండున్నర. ఆయన మోటారు సైకిల్ మీద ఒక్కడే వచ్చాడు. సెక్యూరిటీ రూములో వాచ్‌మన్ లేచి "ఎవురు సార్ మీరు" అన్నాడు. ఆయన జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టి, వాచ్‌మన్ వైపుకు తిప్పాడు. చదువుకునేంత సేపు ఊరకే నిలబడ్డాడు. గేటు రిజిస్టర్‌లో పేరు, హోదా, ఆఫీసు, వచ్చిన టైము తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. "9వ సెక్షన్ కింద తనిఖీకి వచ్చాను, మేనేజర్‌కు చెప్పండి, నేను లోపలికి నడుస్తుంటాను" అన్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు. మేనేజర్ వచ్చేలోపు ఆయన ప్యాకింగ్ సెక్షన్‌లో కన్వేయర్ పక్కన వంగి, ఆపదలో దాన్ని ఆపే తాడు లాగి చూస్తున్నాడు. పోయే ముందు ఇన్‌స్పెక్షన్ బుక్కులో చూసినవన్నీ రాసిపెట్టాడు. టీ కూడా తాగలేదు.

ఆ రెండు నిమిషాల్లో అన్నీ ఉన్నాయి చూడు. కార్డు మీద ఫోటో, పేరు, హోదా, శాఖ, కార్డు ఇచ్చిన అధికారి సంతకం, ముద్ర చూడాలి. గడువు తేదీ ఉంటే అదీ చూడాలి. ఆ తర్వాత నువ్వు అడగాల్సింది ఒక్క ప్రశ్న: "ఏ చట్టం కింద వచ్చారు సార్?" రోజూ అదే పనిలో ఉన్నవాడు దానికి తడుముకోడు. "పైనుంచి ఆర్డర్స్", "ఢిల్లీ నుంచి" అని జవాబు వస్తే అనుమానించాలి. అప్పుడు శాఖ ఆఫీసుకు ఫోన్ చేసి "ఈ పేరుతో, ఈ హోదాలో మీ అధికారి ఉన్నారా, ఈ ప్రాంతం వారి పరిధేనా" అని అడుగు. ఆ నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోంచో, ఇదివరకు మీకు వచ్చిన లైసెన్సు కాగితం మీద నుంచో నువ్వే తీసుకో. ఎదుటివాడు ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేది వాడి మనిషే.

పరిధి మాట మన జిల్లాల్లో ఊరికే అనడం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక బేతంచెర్ల, బనగానపల్లె కర్నూలు నుంచి నంద్యాలకు పోయాయి. బేతంచెర్లలో ఒక బండల మిషన్ యజమాని "కర్నూలు ఆఫీసర్ మా జిల్లాకు ఎట్లా వస్తాడు" అని గేటు వేసుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ పరిధిని గీసేది నోటిఫికేషన్. రెవెన్యూ జిల్లా హద్దూ అదీ ఒకటే కావాలని లేదు. మ్యాపు చూసి తేల్చకుండా ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి.

ఏ శాఖ దేనికి అన్నది కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే దొంగలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. మీ పాలిష్ ఫ్యాక్టరీ భద్రత చూసేది రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ. మీ మామగారికి క్వారీ కూడా ఉందన్నావు. క్వారీ అంటే గని. గనుల్లో పనివాళ్ల భద్రత కేంద్రానిది. డీజీఎంఎస్ అంటారు, ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం, 1902 నుంచి ఉన్న సంస్థ. రాష్ట్ర మైనింగ్ శాఖవాళ్లు లీజు, రాయల్టీ, పర్మిట్లు చూస్తారు. క్వారీ బెంచీ, అంటే మెట్లుగా తవ్విన అంచు, సరిగ్గా ఉందా లేదా అని భద్రత తనిఖీ చేసేది డీజీఎంఎస్. పేలుడు పదార్థాల లైసెన్సు నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో అనే కేంద్ర సంస్థ చూస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ (హైటెన్షన్) లైన్లకు 2003 విద్యుత్ చట్టం 162వ సెక్షన్ కింద నియమితుడైన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. ఒకే మనిషి వచ్చి ఫ్యాక్టరీ, క్వారీ, జిలెటిన్ (రాయి పేల్చే మందు), కరెంటు అన్నీ నేనే చూస్తాను అంటే ఆ మాట నిలబడదు.

ఈ మధ్య ఇంకో రకం బయల్దేరింది. ఏదో సేఫ్టీ కౌన్సిల్ అనో, మానవ హక్కుల సంస్థ అనో పేరు పెట్టుకుని, మూడు సింహాల బొమ్మ అచ్చేసిన కార్డు మెళ్లో వేసుకుని వస్తారు. అవి ప్రైవేటు సంస్థలు. శిక్షణ ఇస్తామని అడగవచ్చు, సర్టిఫికెట్ అమ్ముకోవచ్చు. మీ అనుమతి లేకుండా గేటు దాటే అధికారం మాత్రం వాళ్లకు ఏ చట్టమూ ఇవ్వలేదు.

ఇంతవరకు నీ వైపు మాట్లాడాను. ఇప్పుడు రెండో వైపు చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చోట గేటుకు గట్టి ఆర్డరు ఉండేది. ఇన్‌స్పెక్టర్ ఎవరొచ్చినా కార్డు అడగాలి, పేరు రాసుకోవాలి, ఆఫీసు రూములో కూర్చోబెట్టాలి, టీ ఇవ్వాలి, మేనేజర్ వచ్చేదాకా లోపలికి వదలకూడదు. పైకి చూస్తే అంతా పద్ధతి. ఆయన అక్కడ కూర్చున్న ముప్పావుగంటలో లోపల మేమేం చేసేవాళ్లమంటే, తీసి పక్కన పడేసిన బెల్టు గార్డులు తెచ్చి బైండింగ్ వైరుతో కట్టేవాళ్లం. బోల్టులు వేసే టైము ఉండేది కాదు. నేనే కట్టాను, ఈ చేతులతో. ఆయన చూశాడు, గార్డు ఉంది, పోయాడు. ఆ తర్వాత ఆ వైర్లు అలాగే ఉండిపోయాయి. మూడు వారాలకు ఒకటి తెగింది. గార్డు ఊగి పక్కకు జరిగింది. కింద పౌడరు ఊడుస్తున్న ముద్దనూరు పిల్లోడు, 20 ఏళ్లు ఉంటాయేమో, చెయ్యి పుల్లీలోకి పోయింది. రెండు వేళ్లు పోయాయి. ఆ పిల్లోడిని జీపులో ఎక్కించి ప్రొద్దుటూరుకు తీసుకుపోయింది కూడా నేనే. దారంతా వాడు "అన్నా, మిషన్ ఆపినారా" అనే అడిగాడు.

కాబట్టి కార్డు అడగడానికి రెండు నిమిషాలు చాలు. దాన్ని సాకుగా పెట్టుకుని ఎవరినీ గేటు దగ్గర నిలబెట్టకు. కార్డు చూశావు, పేరు రాసుకున్నావు, అంతే, గేటు తెరువు. అనుమానం తీరకపోతే ఆయన పక్కన మనిషిని పెట్టి లోపలికి పంపు, ఆయన నడుస్తుండగా నువ్వు ఆఫీసుకు ఫోన్ చెయ్యి. నిజమైన ఇన్‌స్పెక్టర్‌ను కావాలని ఆపితే పాత ఫ్యాక్టరీల చట్టం 95వ సెక్షన్‌లో 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. కొత్త కోడ్‌లోనూ అడ్డుకోవడం నేరమే.

వారెంటు చూపించమని అడగొచ్చా అన్నావు. అక్కర్లేదు. పాత చట్టం 9వ సెక్షన్‌లోనే ఫ్యాక్టరీ అని నమ్మడానికి కారణం ఉన్న ఏ స్థలంలోకైనా ఆయన రావచ్చని ఉండేది. ప్రభుత్వ ఉద్యోగులనో, నిపుణులనో వెంట తెచ్చుకోవచ్చు. ముందస్తు నోటీసు కూడా అడగలేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో చేసిన 81వ ఒడంబడికను మన దేశం 1949లోనే ఒప్పుకుంది. దాని 12వ అధికరణం సూటిగా చెప్తుంది: సరైన గుర్తింపు పత్రాలున్న ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పకుండా, పగలైనా రాత్రైనా, తనిఖీ కిందికి వచ్చే పని స్థలంలోకి స్వేచ్ఛగా రావచ్చు. గుర్తింపు పత్రం, స్వేచ్ఛ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. నాకు ఆ వాక్యం చాలా ఇష్టం.

ముందే చెప్పి వస్తే ఏమవుతుందో పైన చెప్పాను. మన ప్రాంతంలో ఇవి కాగితం మీది సంగతులు కావు. 2018 జులై 12న మీ తాడిపత్రి దగ్గరే స్టీల్ ప్లాంటులో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు పోయారు. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె క్వారీ దగ్గర జిలెటిన్ స్టిక్స్ పేలి పది మంది దాకా చనిపోయారు. అలాంటివి జరిగాక ఇన్‌స్పెక్టర్ ఆ చోటును కదపకుండా ఉంచమని ఆర్డరు వేయవచ్చు, కొలతలు, ఫోటోలు తీసుకోవచ్చు, అవసరమైన రిజిస్టర్లు స్వాధీనం చేసుకోవచ్చు. రిజిస్టర్ తీసుకుపోతే ఏమేం తీసుకున్నారో రాసిచ్చి సంతకం పెట్టమని అడుగు.

ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కానీ నీ మీదికి నేరం తెచ్చే ప్రశ్నకు జవాబు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదని పాత చట్టం 9వ సెక్షన్‌లోనే ఉండేది. పనివాళ్లతో విడిగా మాట్లాడతానంటే పక్కకు తప్పుకో. "ఎవడు కంప్లైంట్ ఇచ్చినాడు సార్" అని మాత్రం అడగొద్దు. పాత చట్టం 118ఏ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు ఎవరిదో బయట పెట్టకూడదు, ఫిర్యాదు మీద వచ్చానని కూడా చెప్పకూడదు. నిజమైన అధికారి చెప్పడు. వచ్చినవాడు "మీ దగ్గర పనిచేసే ఫలానావాడే మాకు చెప్పాడు" అని పేరు పెట్టి చెప్పాడంటే, వాడు దొంగైనా అయుండాలి, చట్టం తప్పిన అధికారైనా అయుండాలి. ఆ పేరున్న పనివాణ్ని మాత్రం ఏమీ అనొద్దు.

18 వేల సంగతికి వస్తాను. గార్డు లేకపోతే ఇన్‌స్పెక్టర్ నోటీసు ఇస్తాడు, సరిచేయమంటాడు, వినకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేస్తాడు. పాత చట్టం 105వ సెక్షన్ ప్రకారం ఆ ఫిర్యాదు ఇన్‌స్పెక్టరే వేయాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతితో వేయాలి. ఆ చట్టంలో నేరం ఆయనకు తెలిసిన 3 నెలల్లోపు వేయాల్సి ఉండేది. ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన ఆర్డరును లెక్కచేయని కేసైతే 6 నెలలు ఉండేది. జరిమానా వేసేది కోర్టు. కొత్త కోడ్‌లో కొన్ని తప్పులు కోర్టు దాకా పోకుండా అధికారి దగ్గరే తేలే ఏర్పాటు ఉంది, అదైనా విచారణ జరిగి, రాతపూర్వక ఉత్తర్వు వచ్చాకే. ఏ దారిలోనూ ఫ్యాక్టరీ వాకిట్లో నిలబడి చేతికిచ్చే డబ్బు లేదు, ఒక మనిషి సెల్ నంబరుకు ఫోన్‌పే కొట్టే డబ్బు లేదు.

అందుకే, నువ్వు రాసింది బట్టి చూస్తే, వాళ్లు అధికారులని చూపించే ఆధారం ఒక్కటీ లేదు. కార్డు లేదు, హోదా చెప్పలేదు, ఇన్‌స్పెక్షన్ బుక్కులో రాయలేదు, కాగితం మీద శాఖ పేరు లేదు, సంతకం లేదు. ఆ కాగితం పారేయకు. ప్లాస్టిక్ కవర్లో పెట్టు. కారు నంబరు, వచ్చిన టైము, అన్న మాటలు గుర్తున్నప్పుడే రాసిపెట్టు, ఆ రోజు షిఫ్టులో ఉన్న ఇద్దరి చేత సంతకం చేయించు. అనంతపురంలో ఫ్యాక్టరీల శాఖ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు, వీలైతే కాగితంతో స్వయంగా పో. వాళ్లు మా మనుషులు కారు అంటే నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లు. ప్రభుత్వ ఉద్యోగినని అబద్ధమాడి ఆ పేరుతో పని చేయడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం, 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు ఉంది. ఒకవేళ నిజంగానే ఉద్యోగి అని తేలితే అది లంచం కేసు, ఏసీబీకి 1064 నంబరు ఉంది. రెండింటిలో ఏదైనా సరే, ఆ 18 వేలు ఇవ్వొద్దు. ఒకసారి ఇచ్చారని తెలిస్తే మీ వీధిలోని ప్రతి మిషన్ దగ్గరికీ వస్తారు.

వాళ్లు దొంగలే కావచ్చు. కానీ బెల్టుకు గార్డు లేదన్నది నిజమేనని నువ్వే రాశావు. ఆఫీసు తెరిచేది పదిన్నరకు. మీరు మిషన్ వేసేది ఆరు గంటలకు. వెల్డర్‌ను ఈ రాత్రికే పిలిపించు. జాలీ గార్డు చాలు, చెయ్యి దూరనంత సన్న జాలీ. నాలుగు మూలలా బోల్టులు వేయించు, బైండింగ్ వైరు వద్దు. అది బిగించేదాకా ఆ మిషన్ స్విచ్ వేయనీయకు.